దారి అడిగితే: విప్పడం వచ్చు సరే, బిగించడం వచ్చా?

పదో తరగతి పరీక్షలు అయిపోయి ఫలితాలు రాకముందు ఉండే ఈ కొన్ని వారాల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు రెట్టింపవుతాయి. ఏ కోర్సు, ఏ కాలేజీ, ఎంత ఫీజు అని ఇంటింటా చర్చ. నేను ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పాను. చివరి ఏళ్లలో ప్లేస్‌మెంట్ బాధ్యత కూడా చూసి రిటైరయ్యాను. కాబట్టి నా జవాబుల్లో వర్క్‌షాపు వాసన ఎక్కువగా ఉంటే మన్నించండి, నాకు తెలిసిన లోకం అది. ఈ నెల ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. పేర్లు వేయొద్దని అందరూ కోరారు. ఉత్తరాలను కుదించానే తప్ప విషయం మార్చలేదు.

*

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మూడెకరాల్లో మిరప వేస్తాం. మా చిన్నోడు ఇప్పుడే పదో తరగతి రాశాడు. లెక్కల్లో పాసైతే గొప్పే. స్కూల్లో సారు వీడికి చదువు అబ్బదని మొహం మీదే చెప్పారు. సెలవొస్తే చాలు, మోటార్ల షాపులో కూర్చుంటాడు. కాలిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు విప్పుతాడు, వైండింగ్ చేసేటప్పుడు పక్కనే ఉంటాడు. ఊళ్లో ఎవరి స్టార్టర్ పాడైనా వీడికే ఫోన్ వస్తుంది. వాళ్లక్క బీటెక్ చేసి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. వీడు మెకానిక్ అయితే పరువేం కావాలని మా ఇంటావిడ ఏడుస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక రైతు

జవాబు: ముందు మీ ఇంటావిడకు నా మాటగా ఇది చెప్పండి. కాయ పట్టే సమయంలో మోటారు ఆగిపోతే రైతుకు ఎంత కంగారో ఆవిడకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ కంగారులో ఊరివాళ్లు ఫోన్ తీసి పదో తరగతి పిల్లాడికి చేస్తున్నారంటే, పరువు పోవడం సంగతి అలా ఉంచి, ఆ ఇంటికి పరువు తెస్తున్నది ఇప్పుడు వాడే.

అయితే మోటార్ల మీద ఇష్టం ఉన్న ప్రతి పిల్లాడూ ఆ పనికి సరిపోతాడని నేను అనను. మా వర్క్‌షాపులో ఏటా చూసిన విషయం ఇది. యంత్రాన్ని విప్పడం పిల్లలందరికీ సరదా. పాత ఇంజిన్ ఒకటి బల్ల మీద పెట్టి స్పానర్లు చేతికిస్తే పోటీపడి ఊడదీస్తారు. తిరిగి బిగించే వేళకు సగం మంది కనిపించరు. ఏ బోల్టు ముందు, ఏది తర్వాత, వాషరు ఎటువైపు, షాఫ్టును చేత్తో తిప్పితే ఎక్కడైనా పట్టేస్తోందా, ఇదంతా ఓపికతో కూడిన పని. చూసేవాళ్లు ఉండరు, చప్పట్లు ఉండవు. ఆ సమయంలో కూడా నిలబడి, ఆఖరి నట్టు బిగించి, స్విచ్ వేసి, శబ్దం విని, తృప్తి లేకపోతే మళ్లీ విప్పే పిల్లలు కొందరుంటారు. రికార్డు పుస్తకం సరిగ్గా రాయని పిల్లల్లో కూడా అలాంటివాళ్లు ఉంటారు. వాళ్లు జీవితంలో ఎక్కడా ఆగలేదు.

మీవాడు ఏ కోవకు చెందుతాడో షాపు యజమానిని అడగండి, మీవాణ్ణి అడగొద్దు. వైండింగ్‌లో పాత తీగ తీసేసి, స్లాట్లు శుభ్రం చేసి, కొత్త తీగను లెక్క తప్పకుండా చుట్టాలి. ఒక కాయిల్‌లో చుట్లు తగ్గితే మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది, రైతు షాపు ముందుకొచ్చి నిలబడతాడు. ఆ లెక్క మీవాడు తప్పకుండా పెడుతున్నాడా? చేసిన మోటారు తిరిగొస్తే తప్పించుకుంటున్నాడా, లేక ఎక్కడ పోయిందో వెతుకుతున్నాడా? యజమాని రెండింటికీ మంచి సమాధానం చెబితే నా దృష్టిలో ఇక సందేహం లేదు.

ఇక దారులు. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమాలో చేరవచ్చు. ఎలక్ట్రికల్ గానీ మెకానికల్ గానీ తీసుకోవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ అనే మరో పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. అక్క చదివిన బీటెక్ తమ్ముడికి మూసుకుపోలేదని మీ ఇంటావిడకు చెప్పండి. కానీ ఒక నిజం దాచను. డిప్లొమా మొదటి ఏడాదిలో మ్యాథమెటిక్స్ గట్టిగానే ఉంటుంది, చేతి పనిలో ఆరితేరిన పిల్లలు అక్కడే బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుని మనసు విరుచుకోవడం చూశాను. మీవాడికి లెక్కలంటే భయం అంత ఎక్కువగా ఉంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు చదివించండి. ఆ తర్వాత బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వచ్చే దారి కూడా ఉంది. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పనిసరిగా చేయించండి. రైల్వేలు, భెల్, ఈసీఐఎల్ లాంటి పెద్ద సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. స్టైపెండ్ తక్కువైనా పెద్ద సంస్థలో పని పద్ధతి చేతికి అలవాటవుతుంది.

హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1968లో పెట్టారు. పదో తరగతి తర్వాత నాలుగేళ్ల టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా ఉంది. ప్లాస్టిక్ బకెట్ దగ్గర్నుంచి కారు విడిభాగాల దాకా దేనికైనా ముందు ఒక అచ్చు తయారుకావాలి కదా, ఆ పని నేర్పుతారు. మన జిల్లాల్లో దీని గురించి తెలిసిన తల్లిదండ్రులు చాలా తక్కువ. ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

చదువు అబ్బదన్న మాట మాత్రం ఇంట్లో ఇక ఎవరూ అనొద్దు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారి సంగతి మీవాడికి చెప్పండి. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ చేత్తో తిప్పాలి. ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి కదలాలి. అమ్మ భుజం నొప్పితో తల్లడిల్లడం చూసి ఆ పనికి యంత్రం చేస్తానని 1992లో మొదలుపెట్టారు. డబ్బు అయిపోయింది, చుట్టూ ఉన్నవాళ్లు వద్దన్నారు. హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ, తెలుగులో దొరికిన పుస్తకాలతో ఎలక్ట్రానిక్స్ సొంతంగా నేర్చుకున్నారు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలిక చూసి తనకు కొరుకుడుపడని చివరి చిక్కు విప్పుకున్నారు. 1999కి లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. లక్ష్మి ఆయన తల్లి పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ కంటే ఆ ఏడేళ్ల గురించి మీవాడు ఆలోచించాలని నా కోరిక. బడిలో అబ్బని చదువు, పనిలో అవసరం పడ్డాక అబ్బింది. మీవాడికి కూడా చుట్ల లెక్క నుంచే లెక్కలు చెప్పే మనిషి దొరికితే దారి తెరుచుకుంటుంది. ఊళ్లో డిప్లొమా చదివిన కుర్రవాడెవరైనా ఉంటే ఈ వేసవిలో రోజూ సాయంత్రం కూర్చోబెట్టండి.

*

ప్రశ్న: మాది తెనాలి. మా బాబు చిన్నప్పట్నుంచి బొమ్మలు వేస్తాడు. నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ బొమ్మలే. హైదరాబాద్‌లో ఒక పెద్ద కాలేజీలో ఎంపీసీకి జనవరిలోనే అడ్వాన్సు కట్టాం. ఇప్పుడు హాస్టల్‌కి వెళ్లనంటున్నాడు. బొమ్మలు కూడు పెడతాయా అని వాళ్ల నాన్న కేకలు వేస్తున్నారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ప్యాషన్‌ని ఫాలో అవమని వీడియోల్లో అందరూ చెబుతున్నారు. నిజంగా వాడి ఇష్టానికి వదిలేయాలా?
— ఒక అమ్మ

జవాబు: కట్టేశాం కదా అని పంపకండమ్మా. ఆ అడ్వాన్సు తిరిగిరాకపోతే పోయింది. దాని కోసం రెండేళ్లు పిల్లాణ్ణి, ఆపైన ఇంకా లక్షలూ పోగొట్టుకోవడం న్యాయం కాదు. అలాగని వీడియోల్లో చెప్పినట్టు వదిలేయనూ వద్దు. ఇష్టం ఉందని చెప్పడం సులువు. ఆ ఇష్టంలో విసుగు పుట్టించే భాగాన్ని ఎంతవరకు భరిస్తాడో చూడాలి.

బొమ్మలు వేసే ప్రతివాడూ ఒకే పనికి సరిపోడు. మీవాడు ఏం వేస్తాడు? సినిమా హీరో ఫొటో చూసి అచ్చం అలాగే దించుతాడా? ఇళ్లు, మెట్లు, కిటికీలు వేస్తాడా? తన కథకు తానే పాత్రలు పుట్టిస్తాడా? అక్షరాలను రకరకాలుగా రాస్తాడా? కుర్చీనో బండినో చూసి ఇలా కాదు, ఇలా ఉండాలి అని మార్చి గీస్తాడా? వాటిలో ప్రతిదానికీ వేరే వేరే చదువుంది. ఇళ్ల మీద మనసుంటే ఆర్కిటెక్చర్. దానికి ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ కావాలి, నాటా అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కాకపోతే అందులో చేరాలంటే జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. వస్తువుల రూపం మార్చాలనే తపన ఉంటే డిజైన్. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అహ్మదాబాద్‌లో 1961 నుంచి ఉంది. మన రాష్ట్రంలోనూ ఒకటి పెట్టారు, మీకు అంత దూరం కాదు. ఇంటర్ ఏ గ్రూపైనా పరవాలేదు, వాళ్ల సొంత పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. దరఖాస్తులు ఇంటర్ పరీక్షల కంటే చాలా ముందే ముగిసిపోతాయి. పరీక్షలయ్యాక చూద్దామనుకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లలున్నారు, అందుకే చెబుతున్నాను. చిత్రకళ, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ అయితే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ అనే డిగ్రీ ఉంది.

వాళ్ల నాన్నగారిది వాదన కాదు, భయం. ఆ భయానికి మాటలతో జవాబు చెప్పలేం, పని చూపించాలి. మీ ఊరు శిల్పులకు పెట్టింది పేరు. నాయకుల విగ్రహాలు చేసేవాళ్లు, ఇనుప తుక్కుతో భారీ బొమ్మలు నిలబెట్టేవాళ్లు తెనాలిలోనే ఉన్నారు. ఈ వేసవిలో వాడిని ఒక శిల్పశాలకు పంపండి. మట్టి కలపమంటారు, అచ్చులు మోయమంటారు, రోజంతా ఒక చెవి మీద పని చేయమంటారు. ఆ తర్వాత మీ వీధిలో దుకాణం బోర్డో, తెలిసినవాళ్ల గృహప్రవేశం కార్డో వాడిచేత వేయించండి. డబ్బు ఇచ్చేవాడు ఉండాలి, వాడు మార్చమని చెప్పాలి. మొదటిసారి మార్చమన్నప్పుడు అందరూ మారుస్తారు. మూడోసారి రంగు బాగాలేదన్నప్పుడు మీవాడు కాగితం విసిరేస్తాడా, లేక కొత్త కాగితం తీసుకుంటాడా? నాన్నగారిని కూడా ఆ గదిలోనే ఉండమనండి. వాడు కొత్త కాగితం తీసుకోవడం ఆయన కళ్లారా చూస్తే కేకలు చాలావరకు తగ్గుతాయని నా నమ్మకం.

బాపు గారు మద్రాసులో లా చదివారు. 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. మీవాణ్ణి బాపు అవమని చెప్పడం నా ఉద్దేశం కాదు, అది ఏ పిల్లాడి మీదా మోపకూడని బరువు. పత్రికలో బొమ్మంటే పత్రిక అచ్చుకెళ్లే వేళకు సిద్ధంగా ఉండాలి, మూడ్ రాలేదంటే కుదరదు. బొమ్మలతో బతకాలనుకునేవాళ్లకు గీత ఎంత ముఖ్యమో ఆ గడియారం అంతే ముఖ్యం.

ఇంటర్ మాత్రం మానొద్దు. మీ ఊళ్లోనే, ఇంటి నుంచి వెళ్లివచ్చే కాలేజీలో చేర్చండి. ఆర్కిటెక్చర్ మీద ఏ కొంచెం ఆశ ఉన్నా ఎంపీసీయే తీసుకోమనండి. సాయంత్రాలు వాడికి మిగలాలి, ముఖ్యమైనది అదే.

*

ప్రశ్న: మేడమ్, నాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2019లో బీటెక్ అయింది. అప్పటి నుంచి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్‌లో ఉండి గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నా. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రి రూమ్. రెండుసార్లు దగ్గరదాకా వచ్చి పోయింది. నాన్న పొలం మీద అప్పు తెచ్చి నెలనెలా పంపుతున్నాడు. రూమ్మేట్లకు పాలిటీ, అర్థమెటిక్ నేనే చెప్తా. వాళ్లలో ఇద్దరికి జాబ్ వచ్చింది, నాకు రాలేదు. పండుగకు కూడా ఊరికి పోబుద్ధి అయితలేదు. నేను దేనికి పనికొస్తానో నాకే అర్థమైతలేదు.
— ఒక నిరుద్యోగి

జవాబు: బాబూ, ముందు ఊరికి వెళ్లు. పండగ కోసం ఆగకు, ఈ ఆదివారమే వెళ్లు. మీ నాన్న అప్పు ఎంత, వడ్డీ ఎంత అని ఆయన పక్కన కూర్చుని కాగితం మీద రాసుకో. ఆ అంకె తెలియకపోవడం వల్లే అది నీ మీద కొండంత బరువుగా ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా 14416కు ఫోన్ చెయ్. టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇది మర్యాదకు రాస్తున్న వాక్యం కాదు, నీ ఉత్తరం చదివి నిజంగా కంగారుపడి రాస్తున్నాను.

ఇప్పుడు పరీక్షల సంగతి. 2022 డిసెంబరులో 783 పోస్టులకు గ్రూప్‌-2 నోటిఫికేషన్ వచ్చింది. వాయిదాలు పడి పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఆ రెండేళ్లు నీలాంటి పిల్లలు రూమ్ అద్దె కడుతూనే ఉన్నారు. ఆలస్యం మీ తప్పు కాదు, కానీ దాని ఖర్చు మీ ఇళ్ల మీదే పడింది. పైగా 2024లో రాష్ట్ర ఉద్యోగాలకు వయోపరిమితి 44 నుంచి 46కు పెంచారు. అవకాశం పోయినవాళ్లకు అది మేలే. కానీ ఇంకా టైముంది కదా అని ఏటా మరో ఏడాది ఉండిపోవడానికి కూడా అదే సాకు అవుతోంది. గడువు ప్రభుత్వం పెట్టింది వేరు, నువ్వు పెట్టుకోవాల్సింది వేరు. ఇంకొక్క నోటిఫికేషన్ అని తేల్చుకో, దాన్ని నాన్నతో చెప్పు, చెప్పాక మార్చకు.

నువ్వు రాసినదాంట్లో నేను రెండుమూడుసార్లు చదివిన వాక్యం రూమ్మేట్ల గురించి. ఒకే రూమ్‌లో అందరూ అవే పుస్తకాలు చదువుతుంటే వాళ్లు నీ దగ్గరకే ఎందుకు వచ్చారు? పాలిటీలో ఆర్టికల్స్ బట్టీ కొట్టడం ఎవరికైనా వస్తుంది. ఎదుటివాడికి ఎక్కడ అర్థం కాలేదో పట్టుకోవడం కొందరికే వస్తుంది. నీకు అది ఉందని వాళ్ల ఫలితాలు చెబుతున్నాయి. పరీక్ష రాయడానికి వేరే గుణాలు కావాలి: వేగం, అక్కర్లేనిది వదిలేయగల తెగింపు. నీకు అవి కొంచెం తక్కువై ఉండవచ్చు. దానికీ నువ్వు పనికిరాకపోవడానికీ సంబంధమే లేదు.

అలాగని రేపే టీచర్ అయిపోమని అనను. ఉద్యోగం కావాలని తహతహలాడే మిత్రులకు చెప్పడం వేరు, వినడం ఇష్టం లేని తొమ్మిదో తరగతి పిల్లలకు మధ్యాహ్నం మూడు గంటలకు భిన్నాలు చెప్పడం వేరు. అది తట్టుకోగలవో లేదో చూసుకో. చిక్కడపల్లి, ముషీరాబాద్ చుట్టుపక్కల ట్యూషన్ సెంటర్లకు లెక్కలు చెప్పేవాళ్లు ఎప్పుడూ కావాలి. సాయంత్రం రెండు గంటలు ఒప్పుకో. మూడు నెలలు చెప్పు. రూమ్ అద్దె వస్తుంది, నాన్న పంపేది తగ్గుతుంది, అది వెంటనే కలిగే మేలు. అసలు విషయం ఏమిటంటే, అందరికంటే వెనకబడిన పిల్లాడికి నాలుగోసారి అదే లెక్క చెబుతున్నప్పుడు నీకు కోపం వస్తోందా, లేక ఐదో పద్ధతి ఏదైనా ఉందా అని ఆలోచన వస్తోందా, గమనించుకో. ఆలోచన వస్తే ఎడ్‌సెట్ రాయి. బీటెక్ వాళ్లు కూడా బీఈడీ చేయవచ్చు, రెండేళ్ల కోర్సు. డీఎస్సీలో మళ్లీ పోటీ తప్పదు. కానీ ప్రైవేటు స్కూలు, కోచింగ్ సెంటర్, పోటీ పరీక్షల పుస్తకాలు తయారుచేసే ప్రచురణ సంస్థలు, ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పే మనిషి కోసం చూస్తుంటాయి. ఆ పనిలో నోటిఫికేషన్ కోసం ఎదురు చూడక్కర్లేదు.

కోపం వస్తే ఏమీ పోలేదు. ఈ దారి కాదని మూడు నెలల్లో తెలిసింది. మళ్లీ రాయి, ఇంకో దారి వెతుకుదాం.

*

ప్రశ్న: నాకు 42 ఏళ్లు, రాజమండ్రి. ఎంఏ తెలుగు చేశాను. పెళ్లయ్యాక ఉద్యోగం చేయలేదు. పిల్లలిద్దరూ చదువులకు వెళ్లిపోయారు. సొంతంగా సంపాదించాలని ఉంది కానీ నాకంటూ ఏ టాలెంటూ లేదు. కుట్టు నేర్చుకున్నాను, ఇష్టం కలగలేదు. వంటల ఛానల్ పెట్టమని అందరూ అంటారు, కెమెరా అంటే టెన్షన్. మా డ్వాక్రా గ్రూపు పుస్తకాలు మాత్రం నేనే రాస్తాను. బ్యాంకు వాళ్లు అడిగితే అందరూ నా దగ్గరకే వస్తారు. దాన్ని టాలెంట్ అనలేం కదా.
— ఒక గృహిణి

జవాబు: ఎందుకు అనలేమమ్మా? సభ్యుల పొదుపు, అప్పు, వాయిదా, వడ్డీ, హాజరు అన్నీ రూపాయి తేడా లేకుండా రాసి, పదిమంది ఆడవాళ్ల డబ్బు తగాదాలు రాకుండా చూస్తున్నారు. మీకు అది సులువుగా వస్తోంది కాబట్టి అందరికీ అలాగే వస్తుందనుకుంటున్నారు. నా దగ్గర చదివిన పిల్లల్లోనూ ఇది చూశాను. తమకు కష్టమైనదాన్నే గొప్ప అనుకునేవారు, చేత్తో అలవోకగా చేసేసేదాన్ని లెక్కలో వేసుకునేవారు కాదు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక చిన్న దుకాణాలకు కూడా లెక్కలు రాసే మనిషి అవసరమైంది. నెలనెలా రిటర్నులు వేసే వ్యాపారి 11వ తేదీకి జీఎస్టీఆర్‌-1, 20వ తేదీకి 3బీ దాఖలు చేయాలి. తేదీ దాటితే ఆలస్య రుసుము. మీ రాజమండ్రి మెయిన్ రోడ్డు, తాడితోట వస్త్ర మార్కెట్ ఒకసారి తిరిగి చూడండి. బిల్లులు సంచిలో వేసి నెలాఖరున ఆడిటర్ ఆఫీసుకు పరిగెత్తే వ్యాపారులు కనిపిస్తారు. కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, కొన్ని నెలల్లో వస్తుంది. మీలాంటి చేతికి ఇంకా త్వరగా వస్తుంది.

సొంతంగా జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు కావాలంటే కామర్స్, లా, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ లాంటి డిగ్రీ అడుగుతారు, ఎంఏ తెలుగు సరిపోదు. అందుకని మొదట ఒక ఆడిటర్ గారి ఆఫీసులో సగం రోజు పనికి చేరండి. జీతం తక్కువే ఇస్తారు. అయినా ఒప్పుకోండి, మార్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ ఒత్తిడి ఎలా ఉంటుందో మీకు తెలియాలి. తర్వాత రెండు దుకాణాల లెక్కలు మీరే ఇంటి నుంచి చూడవచ్చు. మనసు నిలిస్తే దూరవిద్యలో బీకాం కట్టండి. 42 ఏళ్లకు డిగ్రీ ఏమిటని ఎవరైనా అంటే పట్టించుకోకండి, ముందున్న పని కాలం చాలా పెద్దది.

వంటల ఛానల్ సంగతి ఇక మర్చిపోండి. కెమెరా ముందు ఉండటం ఇష్టం లేదని మీకు ముందే తెలుసు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

*

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. 33 ఏళ్లు. జీతం బాగుంది, మనసు లేదు. ఉద్యోగం మానేసి వికారాబాద్ వైపు రెండెకరాలు కౌలుకు తీసుకుని సేద్యం చేయాలనుంది. సరైన నిర్ణయమేనా?
— ఒక ఉద్యోగి

జవాబు: ఉద్యోగం మానకుండా కౌలుకు తీసుకోండి. ఒక్క వానాకాలం పంట వేయండి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ నేలకు అలవాటైన పంట అది. జూన్‌లో విత్తితే డిసెంబరు, జనవరిలో కోతకు వస్తుంది. ఆ ఆరేడు నెలల్లో ప్రతి శని, ఆదివారాలు మీరే వెళ్లాలి. కూలీలను మీరే మాట్లాడుకోవాలి, పురుగు పట్టినప్పుడు మీరే చూడాలి, అమ్మడానికి మార్కెట్ యార్డుకు మీరే వెళ్లి ధర వినాలి. పెట్టిన ప్రతి రూపాయీ రాసుకోండి, మీ పెట్రోలుతో సహా.

మీ ఉత్తరంలో సేద్యం గురించి ఒక్క వాక్యమే ఉంది, ఆఫీసు మీద విసుగు గురించి రెండు పేజీలు ఉన్నాయి. పత్రికలో స్థలం లేక వాటిని వేయలేదు. ఒకవేళ మీకు కావాల్సింది పొలం కాక వేరే మేనేజరో, వేరే టీమో అయితే అది కూడా ఈ సీజన్‌లోనే తేలుతుంది. పంట చేతికొచ్చాక కూడా మళ్లీ విత్తాలనిపిస్తే అప్పుడు రాజీనామా గురించి మాట్లాడదాం. కౌలు ఖాయం చేసుకునే ముందు మాత్రం ఈ మే నెల ఎండల్లోనే ఒకసారి ఆ పొలానికి వెళ్లి, అక్కడున్న బోరు మోటారు ఆన్ చేయించి నీళ్లు ఎంత వస్తున్నాయో దగ్గరుండి చూసుకోండి.